చెరకు గడ పాఠం

జూలూల సీమలో, స్టాంగర్ ఊరు దాటి చక్కెర మిల్లుకు పోయే రోడ్డులో ఒక మలుపుంది. అక్కడ లారీలు ఒరిగినప్పుడల్లా నాలుగైదు చెరకు గడలు జారిపడుతుంటాయి. కిష్టసామి ఆ మలుపులో కారు ఓరగా పెట్టి, ఇంజను ఆపకుండానే దిగాడు. కింద పడివున్న గడల్ని బూటు కాలితో ఒక్కొక్కటీ దొర్లించి చూశాడు. మరీ లావువి పనికిరావు, వంగవు. టైరు కింద నలిగినవీ పనికిరావు. సన్నగా, పొడుగ్గా, కణుపుకీ కణుపుకీ మధ్య బాగా ఎడమున్న గడలు కావాలి. రెండు దొరికాయి.

కోతకు ముందు చేలకు నిప్పు పెడతారు కాబట్టి గడలనిండా మసి. ఏటా వాటిని బడి కుళాయి కింద రుద్ది కడిగి, పాత గుడ్డతో తుడిచి, అప్పుడుగాని క్లాసులోకి తీసుకుపోయేవాడు కాదు. ఈ ఏడు కడగబుద్ధి కాలేదు. ఎవరి మొహం చూసి కడగాలి అనుకున్నాడు. వాటిని అలాగే వెనకసీటు మీద పడేసి, చేతుల మసి ప్యాంటుకే తుడుచుకుని బయల్దేరాడు.

యాభై దాటిన మనిషి. పొట్టి. బోర్డు మీద పైదాకా రాయడానికి మునివేళ్ళ మీద లేచీ లేచీ పిక్కలు మాత్రం ఫుట్‌బాల్ ఆటగాడి పిక్కల్లా గట్టిపడ్డాయి. కుడిచేతి మూడు వేళ్ళకీ సుద్ద పట్టీ పట్టీ చర్మం పగిలింది, రాత్రి వాజిలీను రాసుకున్నా అది పోదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే టైము దొరకలేదనేవాడు, అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు, అక్కడితో అయిపోయేది. అన్న అంబీ ఇంట్లో వెనక గది అతనిది. అంబీ మొబేని పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి, షుగరు ముదిరి, మార్చిలో పోయాడు. ఇప్పుడా ఇంట్లో కిష్టసామీ, వదిన పుష్పమూ మిగిలారు.

పొద్దున బయల్దేరేటప్పుడు పుష్పం లంచ్ డబ్బా అందిస్తూ ఎగాదిగా చూసింది. "కిష్టా, ఈ సొక్కా ఏంటి? నీకు పార్టీ ఇస్తరంట గదా, ఇస్త్రీది ఏస్కో."

"ఇదే సాల్లే వదినా."

"కోపం ఇంట్ల ఎట్టిపో."

కోపం ఇంట్లో పెట్టిపోవడానికి అదేమన్నా గొడుగా? మూడు వారాలుగా అది అతనితోనే లేస్తోంది, అతనితోనే తింటోంది.

అసలు సంగతి ఇది. రెండేళ్ళ కిందట నల్లా తెల్లా తేడా లేకుండా దేశమంతా మొదటిసారి ఓటేసింది. కిష్టసామి, అంబీ, పుష్పం ముగ్గురూ తెల్లవారకముందే పోయి క్యూలో నిలబడ్డారు. సాయంత్రానికి కాళ్ళు వాచినా ఆ రోజు ముగ్గురికీ పండగే. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం, ఇండియన్ల బడుల్లో టీచర్లు ఎక్కువ ఉన్నారు, కొందరు తగ్గాలి, అంది. అది అన్యాయమని కిష్టసామి ఎన్నడూ అనలేదు. చెరకు తోటల అవతలి జూలూల బడుల్లో గదికి డెబ్బైమంది పిల్లలు కింద కూర్చుని చదువుతారని అతనికి తెలుసు. స్టాఫ్‌రూములో అందరూ గొణుగుతుంటే, తగ్గాల్సిందే అని అన్నది అతనొక్కడే.

మండించింది ప్రిన్సిపల్ డెన్నిస్ మాట. డెన్నిస్ తన గదికి పిలిచి, బిస్కెట్ల ప్లేటు ముందుకు తోసి, "నీకేం కిష్టా, పిల్లా జెల్లా లేరు. ప్యాకేజీ డబ్బు తీసుకుని, ముందే రిటైరై హాయిగా ఉండు. జాగ్రఫీకేముంది, పుస్తకం ముందుంటే ఎవరైనా చదివి చెప్తారు" అన్నాడు.

"అయితే ఎవరిచేతైనా చదివించుకో" అనేసి కిష్టసామి లేచి వచ్చేశాడు. కోపంలో అన్న మాట. సాయంత్రానికల్లా అది ఉద్యోగం వదలడానికి ఒప్పుకోలు అయి కూర్చుంది. డెన్నిస్ ఆ మాటనే పైకి పంపించేశాడు. రేపో మాపో వచ్చి, తొందరపడ్డాం కిష్టా, ఉండిపో అంటాడని కిష్టసామి ఎదురుచూశాడు. తానై వెళ్ళి అడగడానికి నోరు రాలేదు. డెన్నిస్ రాలేదు. టీ పార్టీకి సమోసాలు ఆర్డరిచ్చాడు, గోవిందుడి కోసం ఇండియన్లు మాంసం మానే పురటాసి నెల కాబట్టి అన్నీ వెజిటేరియనేనని నోటీసు కూడా పెట్టించాడు.

ఆ టీ పార్టీ ఇవాళే. టర్ము ఆఖరి శుక్రవారం. కిష్టసామికి ఇవాళ మిగిలింది ఒక్క పాఠం, బ్రేకు తర్వాత ఏడో స్టాండర్డుకి రెండు పీరియడ్లు కలిపి చెప్పే భూకంపాల పాఠం. ఇన్నేళ్ళలో ఏ పాఠం ఎగ్గొట్టినా దీన్ని మాత్రం ఎగ్గొట్టలేదు. మొదటి పీరియడులో గడ వంచడం, రెండో పీరియడులో పిల్లల ప్రశ్నలు. ప్రశ్నలు లేకపోతే ఆ పాఠం సగమేనని అతని లెక్క. దీన్నయినా పూర్తిగా చెప్పి పోవాలని అతని పట్టుదల. పార్టీ టైము చూస్తే సరిగ్గా ఆ రెండో పీరియడ్‌కే పెట్టారు.

బడికి రాగానే తిన్నగా డెన్నిస్ గదికి వెళ్ళాడు. "ఆ పీరియడ్ నాకు కావాలి. పార్టీ బడి వదిలాక పెట్టుకో."

డెన్నిస్ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఇవాళ శుక్రవారం కిష్టా. బడి వదిలాక ఒక్కడు ఆగడు. మిగిలింది సెలవుల తర్వాత షర్లీ చూసుకుంటుందిలే."

షర్లీ కుట్లూ అల్లికలూ చెప్పే టీచరు. మంచిమనిషి. భూమి లోపల ఏముందని అడిగితే వానపాములని చెప్పగలదు. అక్కడే ఉంటే అరుస్తానని తెలిసి కిష్టసామి బయటికి వచ్చేశాడు.

అతని క్లాసు గది బడి చివరన ఉంటుంది. కిటికీలోంచి చెరకు కొండలూ, వాటి వెనక ఎక్కడో తగలబడుతున్న చేను పొగా కనబడతాయి. కాలిన ఆకుల మసి గాలికి వచ్చి బల్లల మీద వాలుతుంది. గోడ మీది ప్రపంచ పటానికి కింది అంచు ఊడిపోయింది, అంటార్కిటికా సగం లేదు. నలభైమంది పిల్లలు. ఆరేళ్ళ కిందటిదాకా ఈ గదిలో ఇండియన్ పిల్లలే ఉండేవాళ్ళు. ఇప్పుడు సగానికి కొంచెం తక్కువగా జూలూ పిల్లలున్నారు. పొద్దున్నే వ్యాను టాక్సీల్లో ఇరుక్కుని వస్తారు, షర్టులు మాత్రం అందరికంటే తెల్లగా ఉంటాయి.

కిష్టసామి మొదటి గడను రెండు చేతులా పట్టుకుని పైకెత్తాడు. "ఇది రాయి అనుకోండి. ముందు పట్టుకుని చూడండి, ఎంత గట్టిగా ఉందో."

గడ బల్ల బల్లకీ తిరిగింది. నలభై జతల చేతులూ నల్లబడ్డాయి. పిల్లలు అరచేతులు చూసుకుని కిసుక్కుమన్నారు. కడగనందుకు కిష్టసామికి ఒక్క క్షణం సిగ్గేసింది, ఆ వెంటనే మళ్ళీ డెన్నిస్ గుర్తొచ్చి సిగ్గు పోయింది. గడను వెనక్కి తీసుకుని మెల్లగా వంచడం మొదలుపెట్టాడు. అతను ఈ పని చేస్తుంటే చూడాలి. మాట్లాడడు. తొందరపడడు. గడ విల్లులా వంగుతుంది, మెడ నరాలు లేస్తాయి, పిల్లలు ఊపిరి బిగబడతారు. ఎప్పుడు విరుగుతుందో అతనికీ తెలియదు.

ఫట్ మంది. ముందు బల్లవాళ్ళు ఉలిక్కిపడ్డారు.

"నేను చాలాసేపు వంచాను, విరగడానికి ఎంతసేపు పట్టింది? భూమి లోపల రాయి ఏళ్ళ తరబడి ఇలాగే వంగుతుంది. పట్టలేని రోజున విరుగుతుంది. నా చేతులు ఇంకా జివ్వుమంటున్నాయి. ఆ జివ్వే అలలాగా భూమంతా పాకుతుంది. అదే భూకంపం." ఆ తర్వాత ఏటా చెప్పే మాటే చెప్పాడు. "మనకు ఆ భయం లేదు. మన దేశం బాగా పాతరాయి మీద కూర్చుంది. భూకంపాలు జపాన్‌కి, కాలిఫోర్నియాకి."

వెనక వరసలో ఒక పిల్ల తలెత్తి చూసి మళ్ళీ దించేసుకుంది. కిష్టసామి అది గమనించలేదు.

ఇక అల ఎలా పాకుతుందో చూపించాలి. పిల్లల్ని గోడ పొడుగునా ఒకరి వెనక ఒకరిని నిలబెట్టాడు. ప్రతివాళ్ళూ ముందువాళ్ళ భుజాల మీద రెండు చేతులూ వెయ్యాలి. వెనక నుంచి అతను తోస్తే ఆ తోపు భుజం నుంచి భుజానికి పాకి మొదటివాడిదాకా పోవాలి. తోశాడు. సగం దూరం పోయి ఆగిపోయింది. మళ్ళీ తోశాడు. మళ్ళీ అక్కడే ఆగింది. ముందు సగం గోడకు కొట్టిన మేకుల్లా నిలబడివుంది.

వరస పక్కగా నడిచి చూశాడు. తెల్లషర్టుల భుజాల మీద మసి చేతుల అచ్చులున్నాయి. నడుమ ఒక షర్టు మీద లేవు. అది వెనక బల్ల జూలూ పిల్లది. థోబిలే ఆ పిల్ల పేరు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ మాట్లాడని పిల్ల. ఎడమ షర్టుచేతి మీద మాత్రం చిన్న మసి మరక లాంటిదేదో ఉంది. ఆ పిల్ల వెనకున్న ఇండియన్ పిల్ల యువికా చేతులు గాల్లో ఆగిపోయాయి, థోబిలే భుజాలకు జానెడు దూరంలో.

మూడు వారాల కోపానికి దారి దొరికింది.

"చెయ్యెయ్యి" అన్నాడు. యువికా కదల్లేదు. "చెయ్యెయ్యమన్నానా? ఏం, అంటుకుంటే అరిగిపోతావా? దీనికేనా మేం క్యూల్లో నిలబడి ఓట్లేసింది? మీ ఇంట్లో ఇదేనా నేర్పింది?" ఇంగ్లీషు చాలక, చిన్నప్పుడు చెరకు కూలీల బారక్స్‌లో అమ్మ నోట విన్న తెలుగు తిట్టు ఊడిపడింది. "సిగ్గు నేదా నీకు, ముదనష్టపు మొహమా?"

ఆ మాటలకు అర్థం గదిలో ఎవరికీ తెలియదు. తిట్టని మాత్రం అందరికీ తెలిసింది. యువికా కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "నేను వెయ్యనన్లేదు సర్. తనే వద్దంది."

థోబిలే వరసలోంచి ఒక అడుగు పక్కకు జరిగింది. మెల్లగా, నేలకేసి చూస్తూ చెప్పింది. "నేనే సర్. మా నాన్న పోయాడు. శుద్ధి చేసేదాకా ఆటల్లో కలవకూడదని, ఎవర్నీ ముట్టుకోకూడదని మా గోగో చెప్పింది. గోగో అంటే మా నాయనమ్మ."

అప్పుడు చూశాడు. ముందున్న పిల్లాడి షర్టు మీద కూడా అచ్చుల్లేవు. ఈ పిల్ల షర్టుచేతి మీద ఉన్నది మసి కాదు. పిన్నుతో గుచ్చిన నల్లగుడ్డ ముక్క.

మైల. ఆ ఒక్క ముక్కా ఎవరూ అతనికి వివరించక్కర్లేదు. అతని ఇంట్లోనూ అదే నడుస్తోంది. అంబీ పోయి ఏడాది తిరగలేదని పుష్పం ఈ పురటాసికి దీపం పెట్టలేదు, గోవిందలు పాడే ఇళ్ళకు వెళ్ళడం లేదు, రేపు శనివారం ఊరంతా అరిటాకులు వేస్తే వాళ్ళింట్లో ఆకు వెయ్యరు. అలాంటివాడికి నల్లగుడ్డ మసిలాగా కనబడింది. ఎప్పుడూ ఎవరో ఒకరి మీద అరవాలని చూస్తుంటే కళ్ళకు ఇంకేం కనబడుతుంది?

"యువికా, తప్పు నాది" అన్నాడు. "అందరూ వెళ్ళి కూర్చోండి."

పిల్లలు కూర్చున్నారు. థోబిలే కూర్చోలేదు.

"సర్, మా నాన్న గనిలో పోయాడు. బంగారం గని, జొహానెస్‌బర్గ్ అవతల. గనివాళ్ళు ఒక మనిషిని పంపించారు. భూకంపం వచ్చింది, కప్పు కూలింది, భూకంపానికి ఎవరూ బాధ్యులు కారు అని అతను గోగోతో చెప్పాడు. గోగో కాగితం మీద వేలిముద్ర వేసింది." "మీరేమో మన దేశంలో భూకంపాలు రావన్నారు. ఏది నిజం సర్?"

బెల్లు మోగింది. మొదటి పీరియడ్ అయిపోయింది.

కిష్టసామి బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. అతనికి తెలియక కాదు. గనుల్లో నేల కదులుతుందని పేపర్లో ఎన్నిసార్లు చదివాడు. కాని పుస్తకంలో భూకంపాలు ముందు అధ్యాయం. బంగారం ఎక్కడో వెనక, ఖనిజ సంపద కింద, ఏటా ఎన్ని టన్నులని. ఆ టన్నులు కూడా ఈ నోటితోనే వల్లె వేయించాడు. ఈ పేజీని తీసుకెళ్ళి ఆ పేజీ పక్కన పెట్టాలని ఇన్నేళ్ళలో ఒక్కసారీ తోచలేదు. పుస్తకం ముందుంటే ఎవరైనా చదివి చెప్తారని డెన్నిస్ అన్నందుకు మూడు వారాలు ఉడికిపోయాడే, తాను చేసిందేమిటి మరి? చదివి చెప్పడమే. కోపం చల్లారలేదు. అది డెన్నిస్ మీద నుంచి లేచి, వేలిముద్ర వేయించుకుపోయిన ఆ మొహం తెలియని మనిషి మీద వాలింది, ఇన్నాళ్ళకు సరైన చోటు దొరికినట్టు.

తలుపు దగ్గర ఆఫీసు క్లర్కు హేజెల్ నిలబడింది. "సర్, అందరూ వచ్చేశారు. టీ పోసేస్తున్నారు."

"తాగమను."

"మిస్టర్ డెన్నిస్ స్పీచి ఉంది సర్. మీరు లేకుండా ఎలా?"

"బాగానే ఉంటుంది. తలుపు వేసి వెళ్ళమ్మా."

హేజెల్ వెళ్ళిపోయింది. కిష్టసామి రెండో గడ తీసి థోబిలే బల్ల మీద పెట్టాడు. చేతికి ఇవ్వలేదు. "ఇది ఆట కాదు. నీకు తప్పు కాదనిపిస్తేనే తీసుకో. వంచు."

ఆ పిల్ల కాసేపు ఆలోచించి తీసుకుంది. వంచింది. గడ వంగింది, విరగలేదు. పళ్ళు బిగించి ఇంకా వంచింది. విరగలేదు. కిష్టసామి జేబులోంచి అంబీ మడత కత్తి తీశాడు. పాఠం అయ్యాక పిల్లలకు చెరకు చెక్కిపెట్టడానికి ఏటా తెచ్చే కత్తే. గడను బల్ల మీద ఆనించి నడుమన ఒక గాటు పెట్టాడు.

"ఇక్కడ బంగారం దొరికింది, తవ్వారు. పక్కన ఇంకాస్త ఉంది." ఇంకో గాటు. "ఇంకాస్త కిందికి పోదాం అన్నారు." ఇంకో గాటు, లోతుగా. తీపినీళ్ళు కారి బల్ల తడిసింది. "పైనున్న బరువు తగ్గలేదు. మొయ్యాల్సిన రాయే తగ్గింది. ఇప్పుడు వంచు."

థోబిలే వంచీ వంచకముందే గడ విరిగింది.

"ఎవరు విరిచారు?"

ఆ పిల్ల చేతుల్లోని ముక్కలకేసి చూసింది. "నేను సర్."

"కాదు." కిష్టసామి గొంతు పెరిగింది. "నువ్వు కాదు. మళ్ళీ చూసి చెప్పు."

"కత్తి సర్" అంది యువికా కళ్ళు తుడుచుకుంటూ.

"కత్తిని బల్ల మీద పెట్టాను చూడు. దానంతటది ఏమన్నా చేస్తోందా?"

థోబిలే కత్తికేసీ అతని చేతులకేసీ చూసి అంది. "కత్తి పట్టుకున్నవాళ్ళు."

"అవును. నేల కదిలిన మాట నిజం. ఆ మనిషి అంతవరకే చెప్పాడు. కదిలేదాకా తవ్వినవాళ్ళ సంగతి మింగేశాడు. నేనూ మింగేశాను, పుస్తకంలో లేదని. మళ్ళీ ఆ మనిషి వస్తే వేలిముద్ర వెయ్యొద్దని గోగోకి చెప్పు. ఎంత లోతు తవ్వారు, పైకప్పు మొయ్యడానికి ఎంత రాయి వదిలారు, అంతకుముందు నేల ఎన్నిసార్లు కదిలింది, అవి అడుగు. చెప్పకపోతే మళ్ళీ అడుగు."

ఆ తర్వాత పిల్లలు అడగడం మొదలుపెట్టారు. ఒకరి తర్వాత ఒకరు, చేతులెత్తడం కూడా మర్చిపోయి. ఒకడి మామ గనిలో ఉన్నాడు. ఇంకొకడి అన్న వచ్చే నెల పోబోతున్నాడు. ముందుగా తెలుసుకునే యంత్రం ఉంటుందా, ఉంటే కిందున్నవాళ్ళకు ఎవరు చెప్తారు, చెప్తే పని ఆపి పైకి రానిస్తారా? తెలిసింది చెప్పాడు, తెలియనిది తెలియదన్నాడు. ఇంత మాట్లాడిన క్లాసు అతని బతుకులో ఇంకొకటి లేదు. మొదటి గడ చెక్కి ముక్కలు పంచాడు. పిల్లలు నములుతూనే అడిగారు. థోబిలే తన ముక్క తీసుకోలేదు, శుద్ధి అయ్యేదాకా తీపి తినదు.

"సెలవుల తర్వాత ఇంకా చెప్తారా సర్?" అంది యువికా.

పిల్లలకు ఎవరూ చెప్పలేదని అతనికి అప్పుడు తెలిసింది. "సెలవుల తర్వాత షర్లీ మేడమ్ వస్తారు. ఆవిణ్ణి కూడా ఇలాగే అడగండి. తెలియదంటే, తెలుసుకుని చెప్పేదాకా వదలకండి."

"మరి మీరు?"

ఉండిపోతానని ఒక్క మాట డెన్నిస్‌తో అనివుంటే సరిపోయేది. మూడు వారాల్లో నోరు రాలేదు, ఇప్పుడు టైము దాటిపోయింది. ఇంత మంచి క్లాసు ఇవాళే ఎందుకు రావాలి? అతనికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నన్ను వాళ్ళు పొమ్మన్నారు. నేను సరేనన్నాను. అనకుండా ఉండాల్సింది" అన్నాడు.

బెల్లు మోగింది. పిల్లలు మామూలుగా అరుచుకుంటూ పోలేదు. ఒక్కొక్కరే అతని బల్ల పక్కగా నడిచి, గుడ్‌బై సర్ అని చెప్పి వెళ్ళారు. భుజాల మీద మసి అచ్చులతోనే వెళ్ళారు. ఆఖరికి థోబిలే వచ్చింది. బల్ల మీద ఏదో సర్ది, రెండు చేతులూ దగ్గరగా పెట్టి తల వంచి, వెళ్ళిపోయింది.

కిష్టసామి కత్తి తుడిచి, మడిచి, జేబులో వేసుకున్నాడు. లంచ్ డబ్బా తీసుకున్నాడు. వరండాలో స్టాఫ్‌రూము కిటికీ పక్కనుంచి పోతుంటే లోపలి నుంచి డెన్నిస్ గొంతు వినబడింది. "ఇన్నేళ్ళలో కిష్టా గొంతు పెంచడం నేను వినలేదు. కోపమన్నది ఎరగని మనిషి." చప్పట్లు కొట్టారు. లోపల అతని కోసం వేసిన కుర్చీ, దాని మీద రంగుకాగితం చుట్టిన గోడగడియారం. అతను ఆగలేదు. కారు తీసి, గేటు దాటి, మిల్లు రోడ్డు మలుపు దగ్గర లారీ వెనక నెమ్మదిగా పోయి కనుమరుగయ్యాడు.

కాసేపటికి హేజెల్ ఒక ప్లేటులో రెండు సమోసాలు పెట్టుకుని క్లాసు గదికి వచ్చింది. ఎవరూ లేరు. బోర్డు తుడిచివుంది. బల్ల మీద రెండో గడ ముక్కలున్నాయి. ఎవరో వాటిని విరిగినచోట సరిగ్గా ఆనించి, గాట్లు పైకి కనబడేలా తిప్పి పెట్టారు. అప్పటికే గాట్ల చుట్టూ చీమలు చేరాయి.